అంబాదాసు మృదుజల విజయము

వాగ్దేవీ! కొంచెము పక్కకు జరుగుము తల్లీ. ఈ కథకు నీ వీణ చాలదు. మరమగ్గముల టకటక కావలయును, రంగుతొట్టి ఆవిరి కావలయును, మోరీల పరిమళము కూడ కొంత కావలయును. రాజుల యుద్ధములు పాడి గొంతు పోగొట్టుకొన్నవారు చాలమంది కలరు. నేను మాత్రము మూడు బటన్లు గల ఒక డబ్బాతో ఒక మానవుడు పొద్దుటినుండి మధ్యాహ్నముదాక సల్పిన ఘోరసంగ్రామమును చెప్పబూనితిని. నచ్చనివారు లేచి పోవచ్చును, తలుపు తీసియే ఉన్నది. ఉన్నవారు నోరు మూసికొని వినుడు.

పంతొమ్మిదివందల తొంబదియెనిమిదవ సంవత్సరమున, ఉల్లిగడ్డ ధర ఆకాశమంటి, కోయకుండగనే గృహిణుల కన్నుల నీరు తెప్పించుచున్న శరత్కాలమున, సమస్త భారతమును దుప్పట్లతో కప్పి తువాళ్ళతో తుడుచు సోలాపుర మహానగరమున, తాతలనాడు తెలంగాణము విడిచి వచ్చినను మగ్గమును మాటను మాత్రము విడువని నేతగాండ్రు నివసించు దాజీపేటయందు, మోచేతులదాక గోరింటవలె మెరూన్ రంగు ఎక్కి, పెండ్లిళ్ళకు పోయినచో 'వరుడు ఎవరయ్యా' అని అనుమానము కలిగించు హస్తములు గలవాడు, చిలపలుగ చుట్టిన నూలుకు రంగులద్దుటయందు దిట్ట, భార్యకు జవాబు చెప్పుటయందు మిక్కిలి నెమ్మది అయిన అంబాదాసు అను వీరుడు కలడు.

ఈ అంబాదాసు తొలుత స్వతంత్రుడు కాడు. తన భార్య రేణుకకు పెద్దన్న, తనకు బావ అయిన దత్తాత్రి రంగుల కార్ఖానలో పెండ్లినాటినుండి పని చేసెను. దత్తాత్రి చెడ్డవాడా? కాడు. కాని ఆ మహానుభావుని నోటికి మూత లేదు. చిలప ముంచిన 'ఎక్కువ ముంచినవ్' అనును, తీసిన 'జల్ది దీసినవ్' అనును, ఊరకున్న 'ఏం జూస్తున్నవ్' అనును. ఒకనాడు అంబాదాసు తువాలు దులిపి భుజమున వేసికొని బయటికి నడచి, తన ఇంటి వెనుక రేకులషెడ్డులో సొంత తొట్టి కట్టుకొనెను. ఆ రాత్రి అతడు నిద్రలో నవ్వెనని రేణుక నేటికిని చెప్పును.

ఐనను శత్రువు లేక వీరుడెట్లు పెరుగును? షెడ్డు మూలనున్న బోరుబావి పాతాళమున కఠినజలాసురుడు కాపురముండెను. సౌడునీరు! ఆ నీట ముంచిన నూలుకు రంగు ఒకచోట పట్టును, ఒకచోట పట్టదు. ఎర్రని చిలపపై తెల్లతెల్లని మచ్చలు తేలును. అట్టి రాక్షసుని అణచుటకై అంబాదాసు పుణె పట్టణమునుండి సాఫ్ట్‌నర్ అను యంత్రరాజమును తెప్పించెను. నిలువెత్తు నీలికడుపు, పక్కన ఉప్పు నింపిన పీపా, నెత్తిమీద గాజుకన్నుగల డబ్బా, ఆ డబ్బాకు మూడు బటన్లు. బోరు నీరు దాని కడుపులోబడి మెత్తనై వచ్చును. కాని ఆ కడుపు కూడ అలసిపోవును గదా! కావున రోజూ రాత్రి రెండు గంటలకు, లోకమెల్ల గురక పెట్టువేళ, యంత్రము తనంత తాను ఉప్పునీట స్నానము చేసి బలము తెచ్చుకొనును. ఆ స్నానము గంటన్నర. ఆ గంటన్నరసేపు మాత్రము బోరునీరు ఎట్లు వచ్చినది అట్లే, సౌడుగనే దాటిపోవును. దీనిని బిగించిన పుణె ఇంజినీరు పోవుచు పోవుచు వ్రేలెత్తి, 'లోపల అడ్వాన్స్‌డ్ సెట్టింగులున్నవి, వాటి జోలికి పోవలదు' అని హెచ్చరించెను. మనవారికి 'పోవలదు' అన్నచో ఏమి వినబడునో నేను చెప్పనక్కరలేదు.

అంతలో ఖండేనవమి వచ్చెను. దసరాకు ముందునాడు పనిముట్లకు పూజ. ఆ దినమున మగ్గము తిరుగదు, కండె కదలదు, కత్తెరకు సైతము సెలవు. అంబాదాసు తల్లి యల్లమ్మ మహాభక్తురాలు. ఆమె మోటారుకు బొట్టు పెట్టెను, తొట్టికి బొట్టు పెట్టెను, సాఫ్ట్‌నర్ నీలికడుపుకు అరచేయంత పసుపు పులిమి బంతిపూల దండ వేసెను. పిమ్మట గాజుకన్నులో అంకెలు వెలుగుచుండుట చూచి గుండె బాదుకొనెను.

"ఓర్ కొడుకా! పండుగనాడు గూడ ఇది పని జేస్తున్నది! పాపం తగుల్తది బిడ్డ, బంద్ జెయ్యి!"

మాతృవాక్యము జవదాటనివాడై అంబాదాసు మెయిన్ స్విచ్చి దింపెను. యంత్రరాజము కన్నుమూసెను. మరునాడు దసరా. పురోహితుడు పెట్టిన ముహూర్తమున, సరిగ్గా మిట్టమధ్యాహ్నము పన్నెండు గంటలకు, కొబ్బరికాయ కొట్టి స్విచ్చి ఎత్తగా గాజుకన్నులో తళుక్కున పన్నెండు వెలిగెను! గోడమీది గడియారము పన్నెండు. యంత్రమున పన్నెండు. యల్లమ్మ చేతులు జోడించెను.

"జూసినవా! రోజంత కన్నుమూసి పండుకున్నా టైము తప్పలే. అమ్మవారి మహిమ!"

రేణుక దండము పెట్టెను. అంబాదాసు కర్పూరము వెలిగించెను. ఆ పన్నెండు ఎవరి పన్నెండని ఒక్క మానవుడు అడిగి ఉండిన ఈ కథయే లేకుండును. నా బ్రతుకుతెరువు పోవును గనుక అడుగనందుకు నేను వారికి కృతజ్ఞుడను.

దసరా మరునాటినుండి ఆపద మొదలయ్యెను. ఉదయము చిలపలు ఉడికించి కడుగుట, భోజనము చేసి రెండింటికి రంగుతొట్టిలోకి నీరు విడుచుట అంబాదాసు పద్ధతి. మొదటినాడు తీసిన మెరూన్ నూలు బొల్లి ఎక్కినట్లుండెను. రంగుపొడి మార్చి రెండవనాడు ముంచగా, మచ్చలు ఇంకను పెరిగెను. భవానిపేటలో దుప్పట్ల వ్యాపారము చేయు పాండురంగ్ సేఠ్ ఆ చిలపలను వెలుతురునబట్టి చూచి పెదవి విరిచెను.

"అంబాదాస్, నీ మొకం జూసి ఒక్క మోకా ఇస్త. రేపు పొద్దుగూకెయాళ్ళకు వస్త. రంగు ఒక్కతీరు ఉండాలె. లేకుంటె నా నూలు నీ బావ దగ్గెరికే పోతది, నువ్వు గూడ ఆడికే పో."

ఆ రాత్రి ఇంటిలో రేణుక తీర్పు చెప్పెను. ఆమె తీర్పునకు పైకోర్టు లేదు.

"రేపు గూడ మచ్చలొస్తె నీ డబ్బా భంగారుకు, పాతసామాన్లోనికి. నువ్వు మా అన్న దగ్గెర పనికి. నేను రోజు ఈ నౌటంకి జూడలేను."

బావ కార్ఖాన! మరల ఆ 'ఏం జూస్తున్నవ్'! అంబాదాసునకు అన్నము సహింపలేదు. కఠినజలాసురుడు గెలిచిన నూలు మాత్రమే చెడును. బావ గెలిచినచో బ్రతుకే చెడును.

తెల్లవారెను. వీరుడు తలకు తువాలు చుట్టి, నోట తంబాకు బిగించి, చెప్పులు విడిచి, యంత్రము ఎదుట నిలిచి సింహగర్జన చేసెను.

"ఓ డబ్బా! ఇను! నీకు నీడ గావాలని నా స్కూటర్‌ను ఎండల నిలవెట్టిన. నీకు ఉప్పు వోసిన, నీకు దండ ఏసిన, నీకు కొబ్బరికాయ గొట్టిన! మా నాయిన ఫోటోకు గూడ గంత పెద్ద దండ ఎయ్యలే! నా ఇజ్జత్ దీస్తవా? ఇయ్యాల నీ అడ్వాన్స్ సెట్టింగు జూసినంకనే నేను బువ్వ తింట!"

డబ్బా మారు పలుకలేదు. మంచి శత్రువులు అట్లే ఉందురు.

ఎడమ బటను తగ్గించునది, కుడి బటను పెంచునది, నడిమిది ఒప్పుకొని ముందుకు పోవునది. ఎడమను కుడిని కూడబట్టి గట్టిగా నొక్కి ఉంచిన రహస్యద్వారము తెరుచుకొనును. అంబాదాసు రెండు బొటనవ్రేళ్ళతో నొక్కి, ఊపిరి బిగబట్టి, కన్నులు మూసి ఇష్టదైవమును తలచుచుండగా, కన్నులు తెరుచునప్పటికి ద్వారము తెరుచుకొని, విసిగి, మరల మూసికొనెను. మరల నొక్కెను. ఈసారి కన్నులు తెరచియే ఉంచెను. మొదట నీటి కాఠిన్యము వచ్చెను; దానిని తుదిదాక పెంచెను. పిమ్మట ఉప్పు వచ్చెను. కన్యాదానము చేయువానివలె ఉదారముగ పెంచెను. పిమ్మట స్నానకాలము వచ్చెను. దానిని సైతము వదలలేదు. ఇక పరీక్ష. చెంబెడు నీరు పట్టి సబ్బుముక్క రుద్దెను. మెత్తని నీటనే నురుగు వచ్చును, సౌడునీట రాదు. ఆహా! తెల్లని నురుగు చెంబు దాటి పొంగెను!

"గెల్సిన! అమ్మా, గెల్సిన!" అని అంబాదాసు చెంబెత్తి చిందులు వేసెను.

గెలిచెనట! నాయనా, నిన్న ఉదయము సైతము నురుగు వచ్చినది గదా! మొన్న ఉదయము సైతము వచ్చినది. శత్రువు ఇంకను ముఖము కడుగుకొనక ముందే రణరంగమునకు వచ్చి, ఖాళీ మైదానమున కత్తి తిప్పి, 'చంపితిని' అని కేకలు పెట్టు వీరుని ఏమనవలెను? ఏమియు అనకుందము. పాపము, ఆకలితో ఉన్నాడు.

సరిగ్గా ఆ ఘడియకు గడప ముందట స్కూటరు ఆగెను. దత్తాత్రి! తెల్లని పైజామా, బంగారు పన్ను, చంకన తోలుసంచి. పిలువని పేరంటము. ఆ ప్రభువు చెంబులోని నురుగును చూచి పెదవి చప్పరించెను.

"పొద్దుగాల నురుగు ఎట్లైనా వస్తది అంబాదాస్. పగటీలి జూడు దాని తమాషా. మిషిన్ అంటె ఏందనుకున్నవ్? మిషిన్‌కు భయం వెట్టాలె. నా కార్ఖానల గూడ ఇదే మిషిన్. నేను లోపటికి అడుగు వెడ్తె సాలు, గప్‌చుప్."

"నీకెట్ల ఎరుక బావా, పగటీలి తమాషా?" అని అంబాదాసు అడిగెను.

దత్తాత్రి దగ్గెను. "అంటె... అందరు జెప్తుంటరు గద!" అని స్టూలు లాగికొని, యుద్ధము చూచుటకు వచ్చిన దేవతవలె కాలుమీద కాలు వేసికొని కూర్చుండెను. ఆనాడు తన కార్ఖానలో ఇతనికి పనియేమియు లేదా అని మీకు తోచినచో, తోచనిండు.

భోజనవేళ దాటెను. పగటి తమాషా తేలనందున శపథము తీరలేదని అంబాదాసు తినలేదు. దత్తాత్రి శపథమేమియు చేయలేదు గావున చెల్లెలింట జొన్నరొట్టె, శేంగాచట్ని, వంకాయకూర తృప్తిగా భుజించెను. రేణుక ఎంగిలి గిన్నెలు మోరీకి చేర్చి, కొంగు బిగించి, యంత్రమును చూచి నిప్పులు కురిసెను.

"ఇగో, ఇనవడ్తున్నదా? దసరా కాంచి నేను బాసన్లు తోమెతందుకు మోరికాడ గూసుంటె సాలు, నీ డబ్బా గుడగుడ అనుకుంట ఉప్పునీళ్ళు నా కాళ్ళమీద ఒదుల్తది! ఇంతకుముందు రాత్రి మనం పండుకున్నంక పోయేటియి ఆ నీళ్ళు. ఇప్పుడేమో పట్టపగలు, ఆడమనిషి మీద! కాళ్ళు పగిలిపోయినయ్. దానికి సిగ్గు లేదు, దాన్ని దెచ్చినోనికి లేదు!"

అంబాదాసు నోటిలోని తంబాకు గుటుక్కున మ్రింగెను.

"ఏమన్నవ్? మల్ల జెప్పు."

"సిగ్గు లేదన్న."

"అది గాదు, దానిముందు!"

"పట్టపగలు అన్న. రెండింటికి."

రెండింటికి! స్నానము! పట్టపగలు! తొట్టిలోకి నీరు విడుచు సమయము! అంబాదాసు గాజుకన్నులోనికి చూచెను: ఒకటీ నలుబది. చేతిగడియారము చూచెను: ఒకటీ నలుబది. రెండును సరియే! మరి దోషమెక్కడ? అప్పుడు, తిన్నగా భోజనము చేయని మెదడున పుణె ఇంజినీరు బిగించిననాడు చెప్పిన మరొక మాట మెరసెను: అంకెల పక్కన చిన్న చుక్క వెలిగిన మధ్యాహ్నము పన్నెండు దాటినట్లు, వెలుగకున్న అర్ధరాత్రి పన్నెండు దాటినట్లు. వీరుడు ముక్కు గాజుకు తాకునట్లు వంగెను. చుక్క లేదు. ఆవగింజంత చుక్క లేదు! స్విచ్చి దింపిన ఆ డబ్బా కాలము మరచును, ఎత్తినప్పుడెల్ల మొదటినుండి లెక్క మొదలుపెట్టును. దసరానాడు తాము కొబ్బరికాయ కొట్టి మేల్కొలిపిన పన్నెండు, అర్ధరాత్రి పన్నెండు. ఆనాటినుండి యంత్రరాజమునకు మన పగలు రాత్రి, మన రాత్రి పగలు. పాపము, అది తన విధి తాను తప్పక చేయుచు, నడిరాత్రి అనుకొని నిశ్చింతగా రేణుక కాళ్ళమీద స్నానము చేయుచున్నది.

"అమ్మవారి మహిమ అంటివి గదనే!" అని అంబాదాసు తల్లివైపు తిరిగి అరచెను.

"నేను టైము అన్న, పగలా రాత్రా అన్ననా?" అని యల్లమ్మ తిప్పికొట్టెను.

"రెండు గొట్టక ముందే తొట్టి నింపుకోరాదు?" అని రేణుక అడిగెను.

"తొట్టి నిండాలంటె గంట గావాలె! స్నానం అయ్యేదాక ఆగితె సేఠ్ వచ్చి కూసుంటడు! చుక్క వెట్టాలె, ఇప్పుడే వెట్టాలె!"

ఇక చూడుడు సంగ్రామము! చేతులు తడి, వ్రేళ్ళు జారుచున్నవి. ఎడమకుడుల నొక్కెను, ద్వారము తెరుచుకొనెను. కాఠిన్యము దాటెను, ఉప్పు దాటెను, స్నానకాలము దాటెను, స్నానము చేయు గంట దాటెను, చిట్టచివర గడియారపు గుమ్మమున అడుగిడెను. అంతలో పైనుండి ఒక లావుపాటి ఉంగరపు వ్రేలు గ్రద్దవలె దిగి నడిమి బటనుపై పడెను. డబ్బా పాత గంటనే ఒప్పుకొని, ద్వారము మూసికొని, కథ మొదటికి వచ్చెను.

"ఓకే అన్నట్టు గొట్టిన," అని దత్తాత్రి సగర్వముగ పలికెను.

"బావా!" అని అంబాదాసు పండ్లు కొరికెను. జీవితమున మొట్టమొదటిసారి ఆ పదము ఆజ్ఞవలె వినబడెను. "ఎన్కకు జరుగు!"

"అరె, నేను మదద్ జేస్తుంటె..."

"అన్నా, చెయ్యి దియ్యి!" అని రేణుక తోడబుట్టినవాని మణికట్టు పట్టి లాగెను. ఇంతవరకును డబ్బాను భంగారుకు పంపెదనన్న ఆ ఇల్లాలే, తన కొంగుతో భర్త వ్రేళ్ళు తుడిచి, "తొందరవడకు. మెల్లగ నొక్కు. నువ్వు జేస్తవ్," అనెను. అంబాదాసు ఒక్కసారి ఆమె మొగము చూచెను. కాని ఏడ్చుటకు వ్యవధి లేదు.

ఒకటీ యేబది దాటెను. మరల ద్వారము. మరల కాఠిన్యము, ఉప్పు, స్నానము. మరల గడియారము. అంబాదాసు కుడి బటను కొట్టెను: రెండు, మూడు, నాలుగు... ఉత్సాహమున వేగము పెంచగా పన్నెండు దాటి, చుక్క తళుక్కున వెలిగి, ఒకటి దాటి, ఆగక ఆగక మరల పన్నెండుకు పోయి ఆరిపోయెను! "అయ్యో!" అని యల్లమ్మ నోరు నొక్కుకొనెను. మరల ఒక్కొక్క గంటయే, బిడ్డకు అన్నము తినిపించునంత ఓర్పుతో పెంచుచు పోయెను. పది. పదకొండు. పన్నెండు. చుక్క! ఒకటి. ఆగెను. దత్తాత్రి రెండు చేతులను తానే చంకలలో బిగించుకొనెను. అంబాదాసు నడిమి బటనుపై వ్రేలుంచి, నొక్కెను.

గాజుకన్ను ఒక్కసారి మిటకరించి నిలిచెను. అంకెల పక్కన ఎర్రని చుక్క. ఆరలేదు.

రెండు కొట్టెను. రేణుక మోరీ దగ్గర కూర్చుండి, పాదములు ముందుకు చాచి ఎదురుచూచెను. గుడగుడ లేదు. బుడబుడ లేదు. ఉప్పునీటి చుక్క రాలేదు. చెంబులో సబ్బు రుద్దగా, పట్టపగలు, రెండింటికి, నురుగు మోచేయిదాక ఎక్కెను. అంబాదాసు ఈసారి చిందులు వేయలేదు. నేలమీద కూలబడి, "ఇంత బువ్వ వెట్టు," అనెను. రేణుక పెట్టెను. అతడు తినుచుండగా తొట్టి నిండెను.

పొద్దుగూకువేళ పాండురంగ్ సేఠ్ వచ్చెను. దండెమునుండి ఒక చిలప తీసి విప్పి, వెలుతురున పట్టి, తిప్పి, మరల తిప్పి, మచ్చకై వెదకి వెదకి అలసి, "బరాబర్," అనెను. ఆ మహానుభావుడు పొగడ్తలో ఇంతకుమించి ఖర్చు పెట్టడు. అంబాదాసు రేణుకవంక చూచెను. రేణుక మొగము తిప్పుకొని, "డబ్బా మీద దుమ్ము వడ్డది, తుడువరాదు?" అనెను. భంగారు ఊసు మరల ఆ ఇంట వినబడలేదు.

సేఠ్ వెళ్ళిపోయెను. దత్తాత్రి మాత్రము వెళ్ళలేదు. ఉదయమునుండి కదలని ఆ ప్రభువు స్టూలుమీదనే ఇటు జరిగి, అటు జరిగి, తోలుసంచి తెరచి, అందులోనుండి ఒక నూలుచిలప తీసి ఒడిలో పెట్టుకొనెను. మెరూన్. నిండ మచ్చలు.

"అంబాదాస్," అనెను. ఆ స్వరము వినుటకు అంబాదాసు చెవి దగ్గరకు వంచవలసివచ్చెను. "మేము గూడ నవమినాడు బంద్ జేసినం. దసరాకు అదే ముహూర్తం. మూడు దినాలైంది. ఎవ్వరికి జెప్పలే. నువ్వేం జేస్తున్నవో జూసి పోదామని పొద్దుగాలనే వచ్చిన. ఆ చుక్క... జర వచ్చి వెడ్తవా?"

అంబాదాసు ఏమి చేయవలెను? నవ్వవలెనా? పగ తీర్చుకొనవలెనా? నేనైన నాలుగు మాటలు అందును. నా బుద్ధి అంతే. అతడు మాత్రము తువాలు దులిపి భుజమున వేసికొని, చేయి చాచి స్కూటరు తాళము అడిగెను. దత్తాత్రి ఇచ్చెను. అంబాదాసు ముందు కూర్చుండి హ్యాండిలు పట్టెను. దత్తాత్రి వెనుక సీటున, మచ్చల చిలపను గుండెకు హత్తుకొని ఒదిగి కూర్చుండెను.

దాజీపేట సందులలో మగ్గములు జయభేరులు మ్రోగించుచుండగా, విననివారికి సైతము వినబడునట్లు చాటుచున్నాను: పగటిని పగలని ఒప్పించినవాడు, అడ్వాన్స్‌డ్ సెట్టింగులను దాటి ఆవగింజంత ఎర్రచుక్కను వెలిగించినవాడు, ఇల్లాలి పాదములను ఉప్పునీటినుండి రక్షించినవాడు, అంబాదాసు, తాను ఒకనాడు దులుపుకొని వచ్చిన కార్ఖానకు నేడు తనకు తానే బండి నడుపుకొనుచు పోవుచున్నాడు!

"అంబాదాస్," అని వెనుకనుండి దత్తాత్రి మెల్లగా పిలిచెను. "నువ్వు వెట్టేటప్పుడు నేను బయటనే నిలవడ్త. నడిమి బటన్ ముట్ట."